రెండు కాన్పులు

మా అమ్మాయికి ఆరో నెల నడుస్తున్నప్పుడు డాక్టరమ్మ రెండోసారి షుగరు పరీక్ష రాసింది. మొదటిది మూడో నెలలోనే చేశారు, బాగానే ఉందన్నారు. మళ్ళీ ఎందుకని అమ్మాయి అడిగితే, నెలలు పెరిగేకొద్దీ కొందరికి కొత్తగా వస్తుందనీ, పైకి ఏమీ తెలియదనీ, అందుకే సన్నగా ఉన్నా లావుగా ఉన్నా అందరికీ చేస్తామనీ చెప్పిందట. మా అమ్మాయి సన్నటి మనిషి. తీపి పెద్దగా తినదు. ఆఫీసులో ఒక పూట సెలవు దండగ అనుకుంది. నేనూ అంతకంటే ఎక్కువ అనుకోలేదు.

ఆమె, అల్లుడు శ్రీనగర్ కాలనీలో ఉంటారు. మాది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందు. కింది వాటా ఆడపిల్లల హాస్టలుకు ఇచ్చి మేము మేడ మీద ఉంటాం. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి ఐదో నెల నుంచి అమ్మాయి మా దగ్గరే ఉండి, బేగంపేటలో తన ఆఫీసుకు వెళ్ళి వచ్చేది. పొద్దున ఆమె మెట్లు దిగేటప్పుడు నేను చెయ్యి పట్టుకునేదాన్ని. సాయంత్రం ఎక్కేటప్పుడు వెనకాల ఉండేదాన్ని. ఆమెకు అది విసుగు.

“మెట్లే గదమ్మా, ఏమైతది?” అనేది.

నేను ఇంకొంచెం గట్టిగా పట్టుకునేదాన్ని.

పరీక్ష రోజు ఆటోలో పంజాగుట్ట దాటి సోమాజిగూడ వైపు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాం. నర్సు ఒక పెద్ద గ్లాసులో గ్లూకోజు పొడి కలిపి, నిమ్మకాయ పిండి ఇచ్చింది.

“ఐదు నిమిషాలల్ల తాగుండ్రి మేడమ్. తాగినంక రెండు గంటలు ఈడనే కూసోవాలె. ఏం తినొద్దు, తిరగొద్దు. వాంతి అయితే చెప్పుండ్రి” అన్నది.

కారిడార్ పొడుగునా కుర్చీల్లో కడుపుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ పక్కన తల్లులో అత్తలో. అందరి చేతుల్లోనూ అదే గ్లాసు. మా పక్క కుర్చీలో బుర్ఖా వేసుకున్న చిన్న వయసు అమ్మాయి గుక్క గుక్కకీ కళ్ళు మూసుకుంటోంది. ఆమె అత్త వీపు నిమురుతూ, తొందరపడకుండా మెల్లగా తాగమని, “ఆహిస్తా పీ బేటా, జల్దీ నక్కో” అంటోంది. నేను చూస్తున్నానని గమనించి నాతో తెలుగులో మాట కలిపింది.

“మా కోడలికి తీపంటే మస్తు ఇష్టం. గీ తీపి మాత్రం గొంతు దిగుతలేదు” అన్నది.

కాసేపటికి ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూం వైపు పరుగెత్తింది. తిరిగి వచ్చాక నర్సు ఇంకో రోజు రమ్మంది. అత్త కోడల్ని ఏమీ అనలేదు. సంచి సర్దుకుంటూ నన్నే అడిగింది.

“మీ కాన్పప్పుడు గిట్ల తాపిచ్చిండ్రా?”

“లేదు.”

“మాకు సుత లేదు. గప్పుడు ఎవరు చూసిండ్రు” అని, కోడలి భుజం పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళింది.

మా అమ్మాయి గ్లాసు ఖాళీ చేసి, ఫోనులో ఆఫీసు పని చూసుకుంటూ రెండు గంటలూ గడిపింది. రక్తం తీశారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ లోపలికి పిలిచింది. నడివయసు మనిషి, కోస్తా మాట. కంప్యూటర్ వైపు చూసి, “ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందమ్మా” అన్నది.

“నాకా?” అన్నది మా అమ్మాయి. “నేను స్వీట్లు సుత తినను మేడమ్.”

“స్వీట్లు తిన్నందుకు వచ్చింది కాదు. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఒంట్లో కొన్ని మార్పులు వస్తాయి. కొందరి ఒళ్ళు వాటికి తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోలేదు. మీ తప్పేం లేదు. కానీ ఊరుకోకూడదు. ఆ షుగరంతా బిడ్డకి వెళుతుంది. బిడ్డ బాగా పెద్దదవుతుంది, కాన్పు కష్టమవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఒక్కోసారి ఆఖరి రోజుల్లో, అంతా బాగుందనుకుంటుండగానే, బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం ఉంది. అలా కాకుండా చూసుకోవచ్చు. అందుకే ముందుగా చూస్తాం.”

తర్వాత నా వైపు తిరిగింది. “అమ్మా, మీకు షుగరుందా?”

“ఎన్నడు చూపించుకోలె.”

“మీకెన్ని కాన్పులు?”

“రెండు” అన్నాను.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. ఆమెకు తెలిసి నాకు ఉన్నది తనొక్కతే. నేను డాక్టరమ్మనే చూస్తూ చెప్పాను.

“మొదలు కొడుకు. నెలలు నిండినంక కడుపులనే పోయిండు.”

“బరువెంతన్నారు?”

“బరువు ఎవరు చెప్పలె. మస్తు పెద్దగున్నడని దవఖానల ఆయమ్మ అన్నది.”

డాక్టరమ్మ రాయడం ఆపింది. “అప్పటిది ఇప్పుడు నేను తేల్చి చెప్పలేనమ్మా. షుగరే కారణం అనలేను, కాదనీ అనలేను. ఆ రోజుల్లో మీకు దాహం ఎక్కువగా ఉండేదా?”

అప్పట్లో నేను టైపు నేర్పేదాన్ని, మిషను పక్కన ఎప్పుడూ ఒక కూజా పెట్టుకునేదాన్ని. పొద్దున నింపితే మధ్యాహ్నానికి అయిపోయేది. ఆ మాట చెప్పాను. ఆమె తల ఊపి, నన్ను కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమని చెప్పి, మా అమ్మాయికి భోజనం గురించి చెప్పడం మొదలుపెట్టింది.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు అమ్మాయి అడిగింది.

“నాకు అన్న ఉండెనా?”

“ఉండె.”

ఇల్లు చేరాక, మెట్లెక్కి, ఆమెకు మజ్జిగ ఇచ్చి, అంతా చెప్పాను. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

పెళ్ళయిన కొత్తలో నేను అమీర్‌పేటలోనే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. ఇప్పుడు కంప్యూటర్ కోర్సుల బోర్డులు కనిపించే బిల్డింగుల్లో అప్పుడు టైపు, షార్ట్‌హ్యాండు బోర్డులుండేవి. మాది రెండో అంతస్తు. ఇరుకు మెట్లు, మధ్యలో మలుపు. పొద్దున బ్యాచిలో ఉద్యోగాల పరీక్షలకు వెళ్ళేవాళ్ళు, సాయంత్రం బ్యాచిలో కాలేజీ పిల్లలు. ఇరవై మిషన్ల చప్పుడులో ఏ మిషను మీద ఎవరు తప్పు కొట్టారో నాకు వినపడేది. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. తొమ్మిదో నెల వచ్చినా మానలేదు. దాహం, మాటిమాటికీ లేవడం, నీరసం, అన్నీ కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే అన్నారు. పొట్ట చాలా పెద్దగా ఉందని అందరూ సంతోషపడ్డారు.

ఒక రోజు పొద్దున బిడ్డ కదలడం లేదని తెలిసింది. సాయంత్రం దాకా చూసి, పంజాగుట్టలో ఒక సందులో ఉన్న నర్సింగ్‌హోంకు వెళ్ళాం. గుండె చప్పుడు లేదన్నారు. నొప్పులు రావడానికి సూది వేశారు. మర్నాడు కాన్పయింది. ఆయమ్మ బిడ్డను గుడ్డలో చుడుతూ, ఇంత బలమైన పిల్లగాణ్ణి ఈ మధ్య చూడలేదని ఇంకొకామెతో అనడం విన్నాను. నాకు చూపించలేదు. చూస్తే మరిచిపోవడం కష్టమని మా అత్త వద్దన్నది. మా ఆయన, ఆయన తమ్ముడు తీసుకెళ్ళి, పని ముగించుకుని, స్నానం చేసి తిరిగి వచ్చారు.

ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పలేదు. డాక్టరు కూడా ఒక్కోసారి ఇంతే అన్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళలో మొదట ఎవరన్నారో గుర్తులేదు కానీ, నాలుగు రోజుల్లో అందరి నోటా అదే మాట. ఆ మెట్లు ఎక్కి దిగినందుకే. మా అత్త చెడ్డ మనిషి కాదు. ఆమె నన్ను తిట్టలేదు. “గా మెట్లే మన పిల్లగాన్ని మింగినయి” అని మెట్లనే తిట్టింది. ఏదో ఒక కారణం దొరికినందుకు నాకు కొంత నిమ్మళమైంది కూడా. తర్వాత మా అమ్మాయి కడుపులో పడింది. ఆ తొమ్మిది నెలలూ నేను మేడ దిగలేదు. ఇన్‌స్టిట్యూట్ ఆయన రెండుసార్లు కబురు పంపాడు. వెళ్ళలేదు. ఈ అమ్మాయి కొంచెం బరువుగానే అయినా క్షేమంగా పుట్టింది. మెట్లు ఎక్కకపోవడం వల్లే అన్నారు. నేనూ నమ్మాను. తర్వాత మళ్ళీ పనికి వెళ్ళాలని అనిపించలేదు.

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

“ఇన్నేండ్లు మెట్లనే అనుకున్నవా?”

“అందరు గదే అన్నరు.”

“నువ్వేమనుకున్నవ్?”

“నేను సుత గదే అనుకున్న.”

“గా మాట అనకపోతే మళ్ళ పోతుంటివి గదా, ఇన్‌స్టిట్యూట్‌కు.”

“పోతుంటినేమో.”

ఆమె కాసేపు కిటికీలోంచి కింద హాస్టలు పిల్లలు బట్టలు ఆరేసుకోవడం చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు. ఎప్పుడో చదివేసిన ఉత్తరానికి కొత్త అర్థం చెప్పినట్టుగా ఉంది, అంతే.

మర్నాటి నుంచి వంటింటి పద్ధతి మారింది. పళ్ళెంలో అన్నం తగ్గి కూర పెరిగింది. జొన్నరొట్టెలు, మొలకెత్తిన పెసర్లు, ఉడికించిన గుడ్లు. వేలికి సూది గుచ్చి చూసుకునే చిన్న మిషను కొన్నాం. పొద్దున ఏమీ తినకముందు ఒకసారి, తిన్న తర్వాత మళ్ళీ. మొదట్లో అమ్మాయికి ఆ మిషను మీద కోపం. ఇడ్లీలు తిన్న రోజు అంకె పెరిగితే మొహం ముడుచుకునేది. అల్లుడు ఏ ఊళ్ళో ఉన్నా ఫోను చేసి, “అత్తయ్య గారూ, ఈ రోజు ఎంతొచ్చిందండీ?” అని నన్నే అడిగేవాడు. ఆమెను అడిగితే విసుక్కుంటుందని భయం.

తిన్న తర్వాత నడవాలని డాక్టరమ్మ చెప్పింది. మెట్లు ఎక్కినా పర్వాలేదా అని నేనే అడిగాను. ఆయాసం రానంతవరకు ఎక్కితే మంచిదే అన్నది. సాయంత్రం పూట మేమిద్దరం మెట్రో లైను కింద మైత్రీవనం వైపు నడిచేవాళ్ళం. ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండ్లు, కోర్సుల కాగితాలు పంచేవాళ్ళు, వీపు మీద బ్యాగులతో పిల్లలు. ఆమెకు దారి కోసం నేను ముందు నడిచేదాన్ని. ఇంటికి వచ్చాక ఆమె మేడ మెట్లు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కేది. నా చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. నేను కింద నిలబడి చూసేదాన్ని. తెలిసినంత మాత్రాన భయం వెంటనే పోదు. మలుపు దగ్గర ఆమె కనపడకుండా పోయినప్పుడు రెండు మెట్లు ఎక్కి చూసేదాన్ని.

అన్నీ పాటించినా పొద్దుటి అంకె దిగలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆ రోజు అమ్మాయి ఏడ్చింది.

“చెప్పినట్టే తింటున్న, నడుస్తున్న. ఇంకేం చేయాలె నేను?” అన్నది.

“డాక్టరమ్మ ఏమన్నది? నీ తప్పేం లేదన్నది గదా బిడ్డా. నీ ఒళ్ళు ఒక్కటే చేయలేని పనికి మందు సాయం. అంతే.”

ఆ మాటలు నేను చెప్పగలిగానని తర్వాత నాకే కొంచెం ఆశ్చర్యం వేసింది. ఇన్సులిన్ పెన్ను ఫ్రిజ్ తలుపులో పెరుగు గిన్నె పక్కన పెట్టాం. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాట తక్కువ. ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ పెన్నును వేలితో తాకి, చల్లదనం సరిగ్గా ఉందో లేదో చూసేవాడు. నేను అమ్మాయికి ఏం చెప్పానో ఆయనకు తెలుసు. దాని గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

ఎనిమిదో నెలలో సీమంతం చేశాం. వియ్యపురాలు గుంటూరు నుంచి స్వీట్ల డబ్బాలతో వచ్చింది. కలుపుగోలు మనిషి. అందరి ముందూ సున్నుండ తీసి కోడలి నోటి దగ్గర పెట్టింది.

“వద్దత్తయ్యా, షుగరుంది” అన్నది మా అమ్మాయి.

“ఒక్కటి తింటే ఏమవుతుందమ్మా? ఇవన్నీ ఇప్పుడొచ్చిన పరీక్షలు. మేమంతా తిని కన్నవాళ్ళమే కదా. ఏంటండీ వదినగారూ, మీరైనా చెప్పండి.”

మా అమ్మాయి నా వైపు చూసింది. చుట్టూ పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు. మా అత్తవైపు బంధువులు, మెట్ల మాట అన్నవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు అందులో ఉన్నారు.

“తిని కన్నం వదినా” అన్నాను. “నా మొదటి కొడుకు నిండు నెలలల్ల పోయిండు. ఎందుకు పోయిండో గప్పుడు ఎవ్వరు చూడలె. మెట్లు ఎక్కినందుకన్నరు. షుగరు అయి ఉండొచ్చని ఇప్పుడు డాక్టరమ్మ అన్నది. గందుకే దానికి పెట్టొద్దు.”

వియ్యపురాలు సున్నుండను డబ్బాలో పెట్టేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. కోడలి బుగ్గలకు గంధం రాసి, చేతులకు గాజులు తొడిగి, మిగిలిన పని మామూలుగా జరిపించింది. భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“నాకు తెలియదండీ వదినగారూ” అన్నది. కొంచెం ఆగి అడిగింది. “బాబుకి ఏం పేరు అనుకున్నారు?”

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఒక పేరు అనుకున్నాను. ఆమెకు చెప్పాను. బాగుందన్నది.

తేదీకి వారం ముందే అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చుకుని నొప్పులు రప్పించారు. షుగరు ఉన్నవాళ్ళను తేదీ దాటనివ్వరట. అల్లుడు సెలవు పెట్టి వచ్చాడు. పొద్దున మొదలైన నొప్పులు సాయంత్రం దాకా సాగాయి. ఆపరేషన్ అవసరం లేకుండానే ఆడపిల్ల పుట్టింది. అందరు పిల్లల్లాగే మామూలు బరువు. తల్లికి షుగరుంటే పుట్టిన బిడ్డకు షుగరు పడిపోవచ్చని, నర్సు గంట గంటకూ వచ్చి పిల్ల మడమకు సూది గుచ్చి చుక్క రక్తం తీసేది. రెండోసారి తీసినప్పుడు తక్కువ వచ్చింది. వెంటనే పాలు పట్టించమన్నారు. పట్టించాక సర్దుకుంది. ఆ మధ్యలో కాసేపు గదిలో ఎవరం కూర్చోలేదు.

మా ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అంతా సర్దుకున్నాక నర్సు పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది. నెత్తి మీద టోపీ జారితే పిల్ల తల కనపడింది. నల్లగా, ఒత్తుగా జుట్టు. ఆయన టోపీ సర్దలేదు. చాలాసేపు చూశాడు.

“వానికి సుత గిట్లనే ఉండె, జుట్టు” అన్నాడు.

మంచం మీద నుంచి అమ్మాయి అడిగింది. “అన్న ఎవరి పోలిక డాడీ?”

“మీ అమ్మ పోలిక. ముక్కు, నొసలు. అచ్చం మీ అమ్మ.”

అల్లుడికి ఏం చేయాలో తెలియక ఫ్లాస్కు తీసుకుని టీ కోసమని బయటికి వెళ్ళాడు. నేను కిటికీ పక్కన బల్ల మీద ఉన్న బట్టలు మడతపెట్టాను. ఆ బిడ్డ మొహం ఎలా ఉంటుందో ముప్పై ఏళ్ళకు పైగా ఊహించడం కూడా మానేశాను. నా మొహంలాగే ఉంటుందని ఎప్పుడూ తోచలేదు. ఆయనకు ఇన్నాళ్ళూ తెలుసు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాన్పయిన ఆరు వారాలకు అమ్మాయి మళ్ళీ ఆ గ్లూకోజు నీళ్ళు తాగింది. ఈసారి మామూలుగానే వచ్చింది. కానీ ముందు ముందు వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఏటా చూపించుకోమన్నారు. అదే రోజు నన్నూ కూర్చోబెట్టి రక్తం తీయించింది. నాకు షుగరుంది. ఇవాళ్టిది కాదు, చాలా ఏళ్ళదై ఉండాలి అన్నారు. కళ్ళు చూశారు, పాదాలు చూశారు, మాత్రలు రాశారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటున్నాను.

పిల్లకు మూడో నెల వచ్చాక ఒక ఆదివారం పొద్దున, బాబును ఎక్కడ పెట్టారో చూపించమని అమ్మాయి వాళ్ళ నాన్నను అడిగింది. ఆయన స్కూటర్ తీశాడు. నన్ను కూడా రమ్మన్నారు. పిల్ల నిద్రపోతోంది, నేను ఆగిపోయాను. ఇద్దరూ పంజాగుట్ట శ్మశానం దాకా వెళ్ళి, గంట తర్వాత తిరిగి వచ్చారు. అమ్మాయి కాళ్ళు కడుక్కుని పిల్ల దగ్గరికి వెళ్ళింది. మా ఆయన వస్తూ వస్తూ కూరగాయలు తెచ్చాడు. సంచి నా చేతికిచ్చి, “గోడ కొత్తగ కట్టిండ్రు. ఆడ ఇప్పుడేం తెలుస్తలేదు” అన్నాడు.

బీరకాయలు లేతగా ఉన్నాయి. ఆ పూటకు అవే వండాను.